గుంజ పాతిన జాగా

మెదక్ జిల్లా పాపన్నపేట పేరు వినగానే చరిత్ర చదివినవారికి పాత సంస్థానం, రాణి శంకరమ్మ గుర్తుకొస్తారు. భక్తులకు ఆ మండలంలో మంజీర పాయలుగా చీలేచోట వెలసిన ఏడుపాయల వనదుర్గ గుర్తుకొస్తుంది. నాకు మాత్రం శివరాత్రి జాతరకు అక్కడ వెలసే డేరాలు గుర్తుకొస్తాయి. నాలుగు గుంజలు, పైన ఒక పట్టా, లోపల పొయ్యి, పసిపిల్ల. "మీ ఇల్లెక్కడ?" అని అక్కడొక ముసలాయనను అడిగాను. "ఇల్లు గిదే సారూ. ఇల్లు మాదే, జాగనే మాది గాదు" అన్నాడు. ఈ వ్యాసం ఆ మాటకు నేను రాసుకున్న వ్యాఖ్యానం.

ఇల్లు ఒకరిది, నేల మరొకరిది అయినప్పుడు చట్టం ఎవరి పక్షాన నిలబడుతుంది? ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. బండి ఇళ్లలో తిరిగే జిప్సీలకు విడిది స్థలాలు చూపించటం స్థానిక సంస్థల బాధ్యత అని ఇంగ్లండు 1968లో చట్టం చేసింది. 1994లో ఆ బాధ్యతను రద్దు చేసింది. పోరాడి సాధించుకున్న రక్షణ కూడా పాలకవర్గం మనసు మారితే పోతుందనటానికి ఇది ఉదాహరణ.

అదే ఇంగ్లండు మన దేశంలో ఏం చేసింది? 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తిరగటమే నేరానికి సాక్ష్యమైంది. మెదక్ అప్పుడు నిజాం ఏలుబడిలో వుంది. తెలుగు ప్రజల మీద ఆ చట్టం విరుచుకుపడింది ముఖ్యంగా మద్రాసు రాష్ట్రంలో. 1911 చట్టంతో అది అక్కడికి వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. ఉప్పు, ధాన్యం మోసి బతికిన ఎరుకల బేరాన్ని రైళ్లు మింగేశాయి. బతుకు తెరువు పోయినవాణ్ణి ప్రభుత్వం దొంగ అన్నది. హాజరుపట్టీ పెట్టి ఒకచోట కూర్చోబెట్టింది. మన చరిత్రలో సంచారికి ప్రభుత్వం చూపించిన మొదటి నివాసస్థలం శిక్షాస్థలం. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని నీడ మాత్రం అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో మిగిలింది.

ఇటు తెలంగాణలో సాయుధ పోరాటం భూస్వామ్యాన్ని గడగడలాడించింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 'దున్నేవాడికే భూమి' అన్న నినాదం లేకుండా ఇవి రావు. అయితే ఇక్కడ మనం ఒక ఆత్మవిమర్శ చేసుకోవాలి. దున్ననివాడి సంగతి ఏమిటి? గంగిరెద్దుల వానికి, బుడగ జంగానికి, దొమ్మరికి నాగలి లేదు. పహాణీలో పేరెక్కటానికి సాగు లేదు. భూస్వామి దగ్గర భూమి లేదనిపించుకున్నవాడు, సంస్కరణ దగ్గర సాగు లేదనిపించుకున్నాడు.

1976లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక మంచి చట్టం చేసింది. పరుల స్థలంలో ఇల్లు వేసుకొని వుంటున్న గ్రామీణ పేదలకు ఆ నివేశన స్థలం మీద యాజమాన్యం ఇచ్చే చట్టమది. దాని వెనుక అత్యవసర పరిస్థితి నాటి ఇరవై సూత్రాల పథకం వుంది. ఆ పథకం ప్రకటించిన ఇందిరాగాంధీ 1980లో ఈ మెదక్ నుంచే పార్లమెంటుకు వెళ్లారు. కాని చట్టానికి కావలసింది స్థిరంగా వున్న గుడిసె. జాతర ముగిసిన మర్నాడు గుంజలు పీకి బండికెత్తేవాడు ఎవరి స్థలాన్ని తనదని చూపిస్తాడు?

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమే అన్నది. అదే తీర్పు, ముందు నోటీసు ఇచ్చి పేవ్‌మెంటు గుడిసెలు తొలగించటానికి అనుమతించింది. హక్కు కాగితం మీద నిలిచింది, గుడిసె నేల మీద నిలవలేదు.

2008లో రేణకే కమిషన్ విముక్త, సంచార జాతులవారు పది కోట్లకు పైగా వుంటారని అంచనా వేసింది. 2022లో కేంద్రం వారి చదువు, ఆరోగ్యం, ఉపాధి, ఇళ్లు అన్నింటికీ కలిపి అయిదేళ్లకు 200 కోట్ల పథకం పెట్టింది. అంచనాతో భాగించి చూడండి: మనిషికి ఏడాదికి నాలుగు రూపాయలు రాదు! 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్లకు అయిదు లక్షలు ప్రకటించింది. అది సొంత జాగా వున్నవారికి. ముసలాయన మాట మళ్లీ మొదటికొచ్చింది.

ఇది సాహిత్య పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. 1940లలో ప్రజానాట్యమండలి ఊరూరా వినిపించిన బుర్రకథకు మూలం ఎక్కడుంది? తంబుర భుజాన వేసుకొని తిరిగిన జంగాల కథలో వుంది. నాజర్ వంటి మహాకళాకారుడు దాన్ని ఉద్యమానికి ఆయుధంగా మలిచాడు. ఆ కళారూపానికి మన సాహిత్య చరిత్రలో స్థానం ఇచ్చాం. దాన్ని తరతరాలుగా మోసుకొచ్చినవాడి డేరాకు ఊరి చివర స్థానం ఇవ్వమని ఎన్నడైనా గట్టిగా అడిగామా? మన కథల్లో సంచారి చాలావరకు జాతర వర్ణనకు రంగు మాత్రమే అయ్యాడు.

కావలసిన చట్టం ఊహకందనిది కాదు. డేరా కూడా ఇల్లేనని ఒప్పుకోవాలి. ఊరికింత విడిది నేల కేటాయించాలి. స్థిరపడతామన్నవారికి పట్టా ఇవ్వాలి, తిరుగుతామన్నవారిని దొంగలుగా చూడరాదు. ప్రత్యామ్నాయం చూపకుండా గుంజ పీకించరాదు. అయితే ఏ చట్టమూ అడగనిదే రాలేదు. దున్నేవాడి తరఫున అడిగిన సాహిత్యం మనకున్నది. దున్ననివాడి తరఫున అడగటం ఇంకా మన బాకీ.