కోటిలింగాల

కోటిలింగాల, తెలంగాణ రాష్ట్రం, జగిత్యాల జిల్లా, వెల్గటూరు మండలానికి చెందిన గ్రామం. ధర్మపురి పుణ్యక్షేత్రానికి దిగువన, గోదావరి కుడిగట్టున, పెద్దవాగు నదిలో కలిసే చోట ఉన్నది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు బుగ్గారం, ధర్మపురిలతో పాటు ఈ గ్రామం కూడా కరీంనగర్ జిల్లాలో ఉండేది. శాతవాహనుల నాణేలు, వారికంటే ముందు పాలించిన స్థానిక రాజుల నాణేలు ఒకే చోట లభించిన స్థలంగా దక్కన్ చరిత్రలో ఇది ప్రసిద్ధి చెందినది.

పేరు

మునులు శివలింగ ప్రతిష్ఠ తలపెట్టి కాశీ నుండి లింగాన్ని తెమ్మని ఆంజనేయుని పంపారనీ, ముహూర్తం దాటిపోతుండగా నది ఇసుకతోనే లింగాన్ని చేసి ప్రతిష్ఠించారనీ స్థలపురాణం. కోటి ఇసుక రేణువుల లింగం కనుక కోటిలింగాల అయినదంటారు. ఇక్కడి కోటేశ్వరస్వామి ఆలయంలో మహాశివరాత్రికి జాతర జరుగుతుంది.

నాణేలు

గ్రామ పరిసరాలలోని దిబ్బలపై వాన కురిసి మట్టి కొట్టుకుపోయినపుడు నాణేలు, పూసలు బయటపడేవి. స్థానిక చరిత్ర పరిశోధకుడు ఠాకూర్ రాజారాం సింగ్ వీటిని సేకరించి పండితుల దృష్టికి తెచ్చాడు. శాసన పరిశోధకుడు పి.వి.పరబ్రహ్మశాస్త్రి 1970వ దశకంలో ఈ నాణేలపై ఉన్న బ్రాహ్మీ లిపిని చదివి ప్రకటించాడు. వీటిలో గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లున్నాయి. పురాణాలు గాని ఇతర గ్రంథాలు గాని ఎరుగని రాజులు వీరు. ఈ నాణేలే లేకుంటే వీరు ఉన్నట్లు కూడా ఎవరికీ తెలిసేది కాదు. వీటితో పాటు సాతవాహన, సాతకణి నాణేలు, ముఖ్యంగా చిముక పేరు గల నాణేలు దొరికాయి.

మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో, ఇప్పుడు శిథిలమైన ఒక శిల్పం వద్ద సిముక సాతవాహనుని పేరు చెక్కి ఉన్నది. పురాణాలలో ఇతని పేరు సింధుక, శిశుక, శిప్రక అని రకరకాలుగా కనిపిస్తుంది.

తవ్వకాలు

ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ వి.వి.కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిపింది. మట్టికోట గోడ, ఇటుక కట్టడాలు, కాల్చిన మట్టి ఒరలు పేర్చిన బావులు వెలుగుచూశాయి. తవ్వినది మొత్తం దిబ్బలలో కొద్ది భాగమే. ఇదే ప్రాంతంలోని పెద్దబంకూరు, ధూళికట్ట (ప్రస్తుత పెద్దపల్లి జిల్లా) కూడా ఆ కాలపు స్థలాలే. ఆంధ్రులకు ప్రాకారాలు గల 30 పట్టణాలున్నాయని రోమన్ రచయిత ప్లినీ రాసిన మాటకు ఈ కోటలను ఉదాహరణగా చూపేవారున్నారు.

తొలి రాజధాని వాదం

చిముక నాణేలు ఇక్కడ దొరికినందున శాతవాహనుల పాలన ఇక్కడే మొదలైనదనీ, కోటిలింగాలే వారి తొలి రాజధాని అనీ ఒక వాదం. పోటీ పరీక్షల పుస్తకాలలో ఇది నిర్ధారితమైన విషయంగా కనిపిస్తుంది గాని, అది తొందరపాటే. తొలి శాతవాహనుల శాసనాలు నానేఘాట్, నాసిక్ ప్రాంతాలలో ఉన్నాయి. నాణేల మీది చిముకుడు, వంశ స్థాపకుడు ఒకరేనా అన్నదానిపై కూడా ఏకాభిప్రాయం లేదు.

చిక్కు అంతా నాణేలు దొరికిన తీరులో ఉన్నది. తవ్వకంలో ఒక పొర నుండి వచ్చిన నాణేనికి, అదే పొరలోని కుండపెంకులు, బొగ్గు ఆధారంగా కాలం చెప్పవచ్చు. నేలపై ఏరినదానికి ఆ వీలు లేదు. కోటిలింగాల నాణేలలో ఎక్కువ భాగం పైన ఏరినవే. కనుక గోభదుడు చిముకునికి ఎన్నేళ్ళ ముందటివాడో లిపిని, తయారీ విధానాన్ని బట్టి ఊహించవలసిందే. తవ్వని దిబ్బలలోనే దీనికి సమాధానం దొరకవలసి ఉన్నది.

ముంపు

2004లో శంకుస్థాపన జరిగిన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటి నిల్వ సామర్థ్యం సుమారు 20 టి.ఎం.సి.లు. దీని వెనుక జలాలు కోటిలింగాల వరకు వస్తాయి. గ్రామంలోను, చారిత్రక దిబ్బలలోను కొంత భాగం ముంపు పరిధిలోకి వెళ్ళింది. నీటిమట్టం పెరిగి తగ్గినపుడల్లా గట్టు కోసుకుపోయి, పొరలు చెదిరి, వస్తువులు మళ్ళీ నేలపైకి వస్తాయి. జలాశయంలో నీరు తగ్గే వేసవి నెలలలోనే అంచు దిబ్బలను పరిశీలించడానికి వీలుంటుంది.