దుగరాజపట్నం: చెన్నపట్నానికి అన్నగారి ఊరు

ఇంగ్లండులో వారం వారం సంత జరిగే పాత ఊళ్లకు వెళ్లినవాళ్లకు ఒక సదుపాయం ఉంటుంది. టౌన్‌హాల్లోనో, లైబ్రరీ బల్ల మీదనో ఒక మడతపెట్టిన కరపత్రం దొరుకుతుంది. అందులో అంకెలు వేసిన మ్యాపు. ఒకటో అంకె సంత చౌకు, రెండోది చర్చి, మూడోది ఎప్పటివాడో ఉన్ని వర్తకుడి ఇల్లు. గైడు అక్కర్లేదు. కాళ్లకు ఓపిక ఉంటే చాలు. గోడల మీద ‘ఫలానావారు ఇక్కడ నివసించారు’ అని గుండ్రటి పలకలు కూడా కనిపిస్తాయి. లండన్‌లో ఈ పలకల ఆచారం 1867లో బైరన్ కవి పేరుతో మొదలైంది.

నెల్లూరు తీరంలోనూ అలా నడిచి చూడాల్సిన ఇంగ్లీషు వర్తకపు ఊరు ఒకటుంది. కరపత్రం, మ్యాపు, పలక ఏవీ లేవు. వేలు పెట్టి చూపించేంత కట్టడమూ మిగల్లేదు. ఆ ఊరు దుగరాజపట్నం. మద్రాసుకు పదమూడేళ్ల ముందు, 1626లో, ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాల పెట్టింది. దాని చుట్టూ ఫిరంగులు బిగించింది. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ల మొదటి కోట ఇదే. 2026తో దానికి నాలుగు వందల ఏళ్లు. చెన్నై ఏటా ఆగస్టు 22న పుట్టినరోజు చేసుకుంటుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే మాత్రం మన ఇసుకలోకి రావాల్సిందే.

గూడూరులో రైలు దిగి, కోట, వాకాడు మీదుగా తూర్పుకు పోవాలి. మొన్నమొన్నటిదాకా ఇదంతా నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు వాకాడు మండలం తిరుపతి జిల్లాలో కలిసింది. కాగితం మీద గీత మారినా ఇక్కడివాళ్ల మాట, కూర, పలకరింపు నెల్లూరివే. సముద్రం దగ్గరపడుతుండగా బకింగ్‌హాం కాలువ అడ్డం వస్తుంది. అది తర్వాతి కాలపు సంగతి, పందొమ్మిదో శతాబ్దంలో తవ్వింది. మన కథకు కావలసింది కాలువ దాటాక కనిపించే నీళ్లు.

ఒడ్డున నిలబడి చూస్తే మిగతా తీరానికీ దీనికీ తేడా ఏమిటో పైకి తెలియదు. కొంత దూరంలో సముద్రం అడుగున పెద్ద ఇసుకతిన్నె ఉంది. బయటి నుంచి వచ్చే అల దాని మీద విరిగి, లోపలి నీళ్లు కాస్త నెమ్మదిస్తాయి. కోరమాండల్ తీరం పొడవునా ఓడ ఆగడానికి సహజమైన చాటు చాలా అరుదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య సరుకు మోసినవి మేకు ఒక్కటీ లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవలు. మేకులు కొట్టిన పడవ ఇక్కడి అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగి, సాగి, దెబ్బను మింగేస్తుంది. తాళ్ల సందుల్లోంచి నీళ్లు వస్తాయి, తోడిపోసుకోవాలి, అంతే. బేళ్లకు బేళ్లు గుడ్డ ఈ పడవల మీదే ఓడ ఎక్కింది. కాబట్టి లోపలి నీళ్లు కాస్త నెమ్మదిగా ఉన్నాయంటే వర్తకుడికి అది చిన్న విషయం కాదు.

ఇంతకీ ఇంగ్లీషువాళ్లు ఇక్కడికి ఎందుకొచ్చారు? సూటిగా చెప్పాలంటే, రెండు చోట్ల దెబ్బతిని వచ్చారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ కెప్టెన్ హిప్పన్ నాయకత్వంలో ముందు పులికాట్ చేరింది. అప్పటికే అక్కడ పాతుకుపోయిన డచ్చివాళ్లు అడుగు పెట్టనివ్వలేదు. దాంతో ఓడ ఉత్తరానికి పోయింది. నిజాంపట్నంలోనూ, మచిలీపట్నంలోనూ ఇంగ్లీషు వర్తకం అలా మొదలైంది. తర్వాత 1619లో యూరప్‌లో ఇంగ్లీషువాళ్లకూ డచ్చివాళ్లకూ రాజీ కుదిరింది. ఆ రాజీ ప్రకారం 1621లో పులికాట్‌లో ఇంగ్లీషువాళ్లకు చోటు దొరికింది. ఒకే చూరు కింద ఇద్దరు వర్తకులు ఎంతకాలం ఇముడుతారు? రెండేళ్లలో మూట సర్దుకున్నారు. మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల వసూళ్ల బాధ వేరే. డచ్చివాడి ఫిరంగికీ, గోల్కొండ హవల్దారు చేతికీ అందని రేవు ఒకటి కావాలి. పులికాట్‌కు ఉత్తరంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో దుగరాజపట్నం కనిపించింది.

స్థలం ఇప్పించడంలో తోడ్పడిన స్థానిక పెద్ద ఆరుముగం ముదలియారు. ఆయన పేరునే ఇంగ్లీషువాళ్లు తమ నోటికి తిరిగినట్టు ‘ఆర్మగాన్’ చేసి ఊరికి తగిలించారు. నేల మీద ఆ పేరు నిలవలేదు, ఊరివాళ్లు దుగరాజపట్నం అనే అన్నారు. ఓడలవాళ్ల పటాల్లో మాత్రం ఆ ఇసుకతిన్నె ఇప్పటికీ ఆర్మగాన్ తిన్నే. ఈ తీరపు లైట్‌హౌసూ ఆర్మగాన్ లైట్‌హౌసే. ఒక స్థానిక పెద్ద పేరు నాలుగు శతాబ్దాలుగా ప్రపంచ నావికుల పటాల మీద ఉండిపోవడం మామూలు సంగతి కాదు. కోట కట్టిన దొరల పేర్లకు ఇక్కడ ఆ యోగం పట్టలేదు.

1628 నాటి లెక్క ఒకటి మిగిలింది: వర్తకశాల చుట్టూ 12 ఫిరంగులు, గుమాస్తాలూ సిపాయిలూ కలిసి 23 మంది. అంతే బలగం. అదే ఏడాది మచిలీపట్నంలో వేధింపులు తట్టుకోలేక అక్కడి పెద్దలూ ఇక్కడికే తరలివచ్చారు. కొద్దికాలం పాటు కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు వర్తకానికి దుగరాజపట్నమే ముఖ్యపట్టణం. వీళ్ల పైఅధికారులు ఉన్నది లండన్లో అయినా, రోజువారీ పెత్తనం జావా దీవిలోని బాంటమ్‌ది. కారణం గుడ్డ. మిరియాలు అమ్మే దీవులవాళ్లకు ఇంగ్లండు ఉన్ని అక్కర్లేదు. ఆ ఉక్కలో ఉన్ని ఎవరు కట్టుకుంటారు? వాళ్లు అడిగింది మన నూలుగుడ్డ. ఇక్కడ గుడ్డ కొని, అక్కడ మిరియాలు కొని, ఇంగ్లండులో అమ్ముకోవడం. కంపెనీ కొట్టు తిరిగింది ఈ మూడు ముక్కల మీదే.

ఆ గుడ్డను కాస్త దగ్గరగా చూడాలి. నేతగాడికి ముందు బయానా ఇవ్వాలి. ఆ డబ్బుతో నూలు కొని, గంజి పట్టించి, పడుగు సాగదీసి మగ్గం ఎక్కించేవాడు. నాణ్యం చెప్పడానికి మన నేతవాళ్ల లెక్క పుంజం. నూట ఇరవై పడుగు పోగులు ఒక పుంజం. అదే పన్నాలో పుంజాలు పెరిగేకొద్దీ నేత చిక్కనవుతుంది, ధర ఎక్కుతుంది. కంపెనీ గుమాస్తాలు దీనికి తమ భాషలో మాట వెతుక్కోలేదు. తమ దస్తరాల్లోనూ పుంజాలనే రాసుకున్నారు. మగ్గం దిగిన పచ్చిగుడ్డ చాకళ్ల చేతికి పోయి చలువ అయ్యేది. కొంత నీలిమందు తొట్లలో మునిగేది, కొంత అద్దకానికి పోయేది. అప్పుడు కొలిచి, తరగతులు చేసి, నాసిరకం పక్కకు తోసి, బేళ్లు కట్టాలి. ఓడ వచ్చేనాటికి బేళ్లు సిద్ధంగా లేకపోతే ఓడ ఆగదు. ఈశాన్య రుతుపవనం విరుచుకుపడే కాలంలో ఈ తీరాన నిలబడటం ఎవరికీ క్షేమం కాదు. బయానా ఇచ్చిన డబ్బు మగ్గాల మీద ఇరుక్కుపోయి, ఓడ ఖాళీగా పోతే ఆ ఏడాది వర్తకం మునిగినట్టే.

దుగరాజపట్నానికి వచ్చిన తంటా ఇక్కడే. ఫిరంగులు ఉన్నాయి, చాటు నీళ్లు ఉన్నాయి. కావలసినంత మంచి గుడ్డ, కావలసిన ధరకు చేరువలో దొరకలేదు. స్థానిక నాయకుడితో సఖ్యత చెడింది. వానలకు దెబ్బతిన్న గోడల మరమ్మతుకు పైవాళ్లు డబ్బు విదల్చరు. ఈలోగా 1632లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన బంగారు ఫర్మానాతో మచిలీపట్నం మళ్లీ తియ్యనైంది. ఏటా 500 వరహాలు కడితే గోల్కొండ రేవుల్లో సుంకం బాధ లేదు. ఇక 12 ఫిరంగుల ఖర్చు ఎందుకు అన్న ప్రశ్న వచ్చింది.

అప్పుడు ఇక్కడ పెద్దగా ఉన్నవాడు ఫ్రాన్సిస్ డే. 1639లో ఆయన దక్షిణానికి పోయి, శాంథోమ్ పక్కన మద్రాసపట్నం అనే పల్లె చూశాడు. వందవాసి నుంచి ఏలుతున్న దామర్ల వెంకటప్ప నాయకుడితోనూ, పూనమల్లిలో ఉన్న ఆయన తమ్ముడు అయ్యప్పతోనూ మాట కలిపాడు. వీళ్లు కాళహస్తి దామర్లవారు, మన తెలుగువాళ్లే. ఆగస్టు 22 నాటి కౌలు అలా వచ్చింది. శాంథోమ్‌లో డేకి ఒక ప్రియురాలు ఉండేదని, ఆమె ఇంటికి దగ్గర కాబట్టే ఆ చోటు ఎంచుకున్నాడని చెన్నైలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ డే పైవాళ్లకు రాసిన ముఖ్యమైన మాట ఒకటే: అక్కడ గుడ్డ మేలురకం, పైగా నూటికి ఇరవై వంతులు చవక. ఆ లెక్క ముందు ప్రేమకథ నిలవదు. ఒకవేళ ప్రియురాలు ఉన్నా, కంపెనీ తరలివెళ్లింది ఆమె కోసం కాదు.

ఇంగ్లండులో సంత ఊరు పుట్టాలంటే రాజు ఇచ్చిన చార్టరు ఉండాలి. ఏ వారం సంత జరగాలి, సంత సుంకం ఎవరిది, తూనికల మీద పెత్తనం ఎవరిది అన్నది అందులో రాసి ఉంటుంది. మన తీరంలో ఆ పని చేసింది కౌలు. వెంకటప్ప ఇచ్చిన కౌలులో కోట కట్టుకునే వీలుంది, కంపెనీ సరుకుకు సుంకం మాఫీ ఉంది, రేవు ఆదాయంలో సగం వాటా ఉంది, నాణెం ముద్రించుకునే హక్కు కూడా ఉంది. నేతవాళ్లకూ వర్తకులకూ అది పిలుపులా పనిచేసింది. కొద్దికాలంలోనే వందల నేత కుటుంబాలు వచ్చి చేరాయి. దుబాసీగా బేరి తిమ్మప్ప వంటి తెలుగు వర్తకుడు కుదిరాడు. కోట ఎవరి ఖర్చుతో కట్టాలన్న దాని మీద తర్వాత పెద్ద రగడ అయింది. ఆలోపు ఊరు లేచి నిలబడింది. దుగరాజపట్నంలో కోట ముందు వచ్చింది, ఊరు వెనక రాలేదు. మద్రాసులో కోట పూర్తికాకముందే ఊరు వచ్చేసింది. నా దృష్టిలో రెండింటి తలరాత తేడా అక్కడే ఉంది.

1640 ఫిబ్రవరిలో డే, కంపెనీ అధికారి ఆండ్రూ కోగన్ ఇద్దరూ కొత్త చోట దిగారు. ఆర్మగాన్ కొట్టు మూతపడింది. కొత్త పట్నానికి నాయకుల తండ్రి చెన్నప్ప పేరు వచ్చింది. నెల్లూరువాళ్ల నోట నిన్నమొన్నటిదాకా అది చెన్నపట్నమే. పెళ్లి చీరలకు, పెద్దాసుపత్రికి, సినిమాకు, అన్నిటికీ చెన్నపట్నమే పోయాం. అది ఇక్కడినుంచి ఎత్తుకెళ్లిన కొట్టేనని ఎవరూ గుర్తుచేయలేదు.

ఇంగ్లీషువాళ్లు పోయినా నెల్లూరు గుడ్డకు విదేశీ గిరాకీ పోలేదు. ఈ ప్రాంతపు నీలిరంగు సలెంపూరు గుడ్డ వెస్టిండీస్ దాకా పోయేది. అక్కడి చెరకు తోటల్లో బానిసలు కట్టుకున్నది అదే. బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. మన మగ్గం బాగోగులు ఎక్కడో కరీబియన్ దీవుల్లోని సంకెళ్లతో ముడిపడి ఉండటం గుర్తుంచుకోవాల్సిన చేదు నిజం.

ఆ ఇసుకతిన్నె చాటు నీళ్ల మీద ఆశ మాత్రం ఎవరికీ చావలేదు. పందొమ్మిదో శతాబ్దపు పటాల్లో దాన్ని బ్లాక్‌వుడ్ హార్బర్ అన్నారు. రేవు మాత్రం కట్టలేదు. 2014లో రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఇక్కడే కొత్త మేజర్ పోర్టు కడతామని, తొలి దశ 2018 చివరికి పూర్తి చేస్తామని రాశారు. దక్షిణాన ముప్పై కిలోమీటర్ల లోపు శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఆ పక్కనే పులికాట్ సరస్సు. అభ్యంతరాలు వచ్చాయి, గిట్టుబాటు కాదన్నారు. గడువు దాటిపోయినా పోర్టు రాలేదు. ఓడల తయారీ కేంద్రం మాట ఇప్పుడు కొత్తగా వినిపిస్తోంది. చూద్దాం.

నడక ఇక్కడితో ముగించుకోవద్దు. సరస్సుకు ఆవలి కొసన, తమిళనాడులో, పులికాట్ ఉంది. డచ్చివాళ్ల గెల్డ్రియా కోట అక్కడ శిథిలమైంది. వాళ్ల శ్మశానం మాత్రం పురావస్తు శాఖ రక్షణలో చెక్కుచెదరకుండా ఉంది. ద్వారం దగ్గర చెక్కిన అస్థిపంజరాలను నిదానంగా చూడండి. అక్కడి నుంచి చెన్నైలోని సెయింట్ జార్జి కోటకు పోతే కథ పూర్తవుతుంది. ఒక చోట ఇసుక, ఒక చోట సమాధులు, ఒక చోట తమిళనాడు శాసనసభ. మూడూ ఒకే గుడ్డ బేరం మిగిల్చినవి.

చలికాలంలో సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగకు వేలమంది వస్తారు. కొంగల్ని చూసి వెనక్కి పోతారు. పండుగ నిర్వహించే అధికారులకు ఒక మనవి: మీరు అచ్చువేసే కరపత్రంలో అర పేజీ దుగరాజపట్నానికి ఇవ్వండి. ఒడ్డున ఒక రాయి నిలబెట్టి, 1626–1640 అని రెండు అంకెలు, పక్కన ఆరుముగం ముదలియారు పేరు తెలుగులో చెక్కించండి. నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భం కన్నా మంచి ముహూర్తం మళ్లీ రాదు.