నరసాపురం లేసు

నరసాపురం లేసు అనగా ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, దాని పరిసర గ్రామాలలో స్త్రీలు సన్నని నూలు దారంతో, కొన వంపు తిరిగిన చిన్న సూదితో చేతితో అల్లే అల్లిక. దీనిని క్రోషె లేసు, లేసు అల్లిక అని కూడా వ్యవహరిస్తారు. వసిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురంతో పాటు పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాలలోను, నదికి ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి, రాజోలు వైపు కోనసీమ గ్రామాలలోను ఈ పని జరుగుతుంది. బల్లగుడ్డలు, దిండు గలీబులు, దుప్పట్లు, తెరలు, దుస్తుల అంచులు ఇందులో ముఖ్యమైనవి. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒకే లేసు ముక్క అల్లిన ఇంట్లో ఒకలాగ, కొన్న దేశంలో మరొకలాగ, ప్రదర్శనశాలలో ఇంకొకలాగ కనిపిస్తుంది. ఒక కళాఖండపు విలువ దాని పనితనం వల్లనే కాక, చూచేవారి ఆచారాల వల్ల, దానిని చూపించే పద్ధతి వల్ల కూడా నిర్ణయమవుతుందని చెప్పడానికి ఈ లేసు మంచి ఉదాహరణ. అందువలన ఈ వ్యాసంలో పరిశ్రమ చరిత్రతో పాటు ఆ విషయం కూడా వివరించబడింది.

చరిత్ర

నరసాపురం ప్రాంతం లేసు రాకకు ముందే బట్టలకు పేరు పొందినది. 17వ శతాబ్దంలో పాలకొల్లులో డచ్చివారికి, నరసాపురం పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరాలు ఉండేవి. నరసాపురంలోని వలందర రేవు పేరులో డచ్చివారి జ్ఞాపకం నేటికీ మిగిలి ఉన్నది (డచ్చివారిని తెలుగువారు వలందులు అనేవారు). మాధవాయపాలెం నుండి ఎగుమతి అయిన మెత్తని నూలు బట్టను ఐరోపాలో ఆ ఊరి పేరుతోనే "మడపోలం" అని పిలిచారు. ఆ మాట ఫ్రెంచి, స్పానిష్ మొదలైన భాషలలోకి కూడా పోయి, ఒక రకం బట్టకు సామాన్య నామమైనది. తరువాత ఆ బట్టను ఐరోపా మిల్లులలోనే నేయడం మొదలైనా పేరు మాత్రం మారలేదు. ఆ మాట వాడేవారిలో అది గోదావరి ఒడ్డున ఉన్న ఒక పల్లె పేరు అని తెలిసినవారు అరుదు. లేసు విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. వస్తువు ఇక్కడే తయారై విదేశాలకు పోయింది గాని, ఊరి పేరు దానితో ప్రయాణం చేయలేదు.

1830లలో ఇంగ్లాండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మత ప్రచారకులు నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషన్‌ను స్థాపించారు. ఈ ప్రాంతంలో లేసు పనిని 1844 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన మాక్రే దంపతులు నేర్పినట్లు చెబుతారు. ఐరోపాలోనే కొక్కెపు సూది అల్లిక విస్తృతంగా వ్యాపించినది 1840లలోనే అని గమనిస్తే, ఈ విద్య ఇక్కడికి ఎంత త్వరగా చేరిందో అర్థమవుతుంది. మిషనరీలు క్రైస్తవ మతం స్వీకరించిన పేద స్త్రీలకు దారం ఇచ్చి పని నేర్పి, తయారైన లేసును తమ దేశంలోని బంధుమిత్రులకు పంపేవారు. అమ్మగా వచ్చిన డబ్బు మిషన్ పనులకు వినియోగమయ్యేది. ఆ విధంగా లేసు మొదట సరుకుగా కాక దానధర్మాలకు సంబంధించిన వస్తువుగా పరదేశం చేరింది. కొన్నవారు అల్లికను మెచ్చి కొనడంతో పాటు, దూరదేశంలోని పేద స్త్రీకి సహాయం చేస్తున్నామనే తృప్తిని కూడా కొనుక్కున్నారు.

20వ శతాబ్దంలో వ్యాపారం మిషన్ చేతుల నుండి స్థానిక వర్తకుల చేతులకు మారింది. ఎగుమతిదారులు, వారి కింద ఊరూరా తిరిగి దారం పంచి లేసు సేకరించే ఏజెంట్లు, వారి కింద ఇళ్ళలో అల్లే స్త్రీలు - ఇదీ పరిశ్రమ నిర్మాణం. కాపు మొదలైన కులాల స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో ఈ పనిలోకి వచ్చారు.

తయారీ విధానం

లేసు అల్లికకు మగ్గం గాని, యంత్రం గాని అవసరం లేదు. సూది, దారపు ఉండ, మంచి చూపు ఉంటే చాలు. దారాన్ని సూది కొక్కెంతో లాగి ఒక ఉచ్చు, దానిలోనుండి మరొక ఉచ్చు తీస్తూ గొలుసు అల్లుతారు. గొలుసులను వలయాలుగా, గళ్ళుగా పెంచుతూ పువ్వు, ఆకు, నక్షత్రం, అనాసపండు వంటి రూపాలు తెస్తారు.

పెద్ద బల్లగుడ్డను ఒకే మనిషి మొదటి నుండి చివరి వరకు అల్లడం తక్కువ. కొందరు చిన్న పువ్వులు మాత్రమే అల్లుతారు, దీనిని చేతిపని అంటారు. వాటిని జతచేసి పెద్ద గుడ్డగా కూర్చేది అతుకుపని. ఈ రెండూ వేరు వేరు ఇళ్ళలో, ఒక్కొక్కప్పుడు వేరు వేరు ఊళ్ళలో జరుగుతాయి. కాబట్టి పువ్వు అల్లిన స్త్రీ పూర్తి అయిన గుడ్డను చూడకపోవడం సాధారణం. తాను చేసిన కళను తానే చూడని కళాకారిణి అన్నమాట!

నమూనాలు నేర్చుకొనే పద్ధతి కూడా గమనించదగినది. ఐరోపాలో అల్లిక నమూనాలు 19వ శతాబ్దం నుండి పుస్తకాలలో, పత్రికలలో అచ్చవుతూ వచ్చాయి. నరసాపురం స్త్రీలు ఏజెంటు తెచ్చిన శాంపిలు ముక్కను చేతిలోకి తీసుకొని, ఉచ్చులు లెక్కపెట్టి, అదే విధంగా అల్లుతారు. తల్లి నుండి కూతురు, ఇరుగు నుండి పొరుగు చూచి నేర్చుకోవడమే బడి. చదువు రానివారు కూడా క్లిష్టమైన లెక్కలను మనసులో ఉంచుకొని అల్లగలరు. ఇది గణితమే గాని, దానిని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

చేతి నుండి వచ్చిన లేసు తెల్లగా ఉండదు. నెలల తరబడి చేతుల చెమట, ఇంటి పొగ, దుమ్ము పట్టి మాసిపోయి, ముడతలు పడి ఉంటుంది. దానిని ఉతికి, చలువ చేసి, సరిగ్గా సాగదీసి, ఇస్త్రీ చేసిన తరువాతనే నమూనా బయటపడుతుంది. ఇది వర్తకుని వద్ద జరిగే పని. చివరి అందం వర్తకుని గిడ్డంగిలో కనబడుతుంది కనుక, చూడవచ్చిన కొనుగోలుదారుకు లేసు ఆయన సరుకుగానే పరిచయమవుతుంది.

చూపే తీరు, చూసే తీరు

లేసులో దారం ఎంత ముఖ్యమో దారం లేని చోటు అంత ముఖ్యం. రంధ్రాల అమరికే నమూనా. అందువలన తెల్లని లేసును తెల్లని గుడ్డపై పరిస్తే ఏమీ కనిపించదు. ముదురు రంగు చెక్క బల్లపైన, నల్లని లేదా నీలి గుడ్డపైన పరిస్తే ప్రతి పువ్వు స్పష్టమవుతుంది. ప్రదర్శనశాలలలో లేసును సాధారణంగా ముదురు రంగు నేపథ్యంపై ఉంచడానికి కారణం ఇదే. పాశ్చాత్యుల ఇళ్ళలో భోజనపు బల్ల, టీ బల్ల, సొరుగుల బీరువా ఉన్నాయి. గుండ్రని లేసు గుడ్డకు అక్కడ సహజమైన స్థానం ఉన్నది.

గోదావరి జిల్లాల పాత ఇళ్ళలో భోజనం నేలపై, అరిటాకులో జరిగేది. బల్లగుడ్డకు చోటు లేదు. నరసాపురం స్త్రీలు తరతరాలుగా తమ ఇంట్లో ఉపయోగం లేని వస్తువులను, తాము చూడని ఇళ్ళ కోసం అల్లారు. తరువాత రేడియో, ఆపైన టెలివిజన్ ఇళ్ళలోకి వచ్చినప్పుడు లేసు వాటిపై కప్పుగా చేరింది. దుమ్ము పడకుండా అని చెప్పినా, నిజానికి అది ఖరీదైన వస్తువుకు చేసిన అలంకారం. మంచినీళ్ళ బిందె పై మూత గుడ్డ, గుమ్మానికి తెర, పిల్లల గౌను అంచు, లంగా అంచు కూడా అలా వచ్చినవే. విదేశీయులు బల్లపై పరచిన వస్తువును తెలుగువారు టీవీపై కప్పితే దానిని చవకబారు అభిరుచిగా తలచేవారున్నారు. ఈ అభిప్రాయం సరైనది కాదు. వస్తువును తమ ఇంటికి తగినట్లు మార్చుకోవడం అన్ని సంస్కృతులలోను జరిగేదే.

రంగు విషయంలోనూ ఇటువంటి భేదమే ఉన్నది. ఎగుమతి లేసులో తెలుపు, మీగడ రంగు ఎక్కువ. ఐరోపాలో తెల్లని లేసు పెళ్ళికూతురును తలపిస్తుంది. 1840లో విక్టోరియా రాణి తన వివాహానికి తెల్లని హానిటన్ లేసు ధరించడం ఆ అలవాటును మరింత బలపరిచింది. తెలుగు హిందూ కుటుంబాలలో వట్టి తెలుపు స్త్రీల దుస్తులలో శుభసూచకం కాదు. వధువు కట్టే మధుపర్కాలు తెల్లనివే అయినా అంచులకు పసుపు అద్దుతారు. క్రైస్తవ కుటుంబాలలో మాత్రం తెల్లని లేసు పెళ్ళి దుస్తులకు, ప్రార్థన మందిరంలోని బల్లకు చేరింది. ఒకే వీధిలో, పక్క పక్క ఇళ్ళలో ఒకే తెల్లని అల్లిక రెండు వేరు వేరు అర్థాలు ఇచ్చిందన్నమాట.

ఇదంతా నరసాపురానికే ప్రత్యేకమని భావించరాదు. మచిలీపట్నం కలంకారి అద్దకం పనివారు ఒకే చేతితో పర్షియా వారికి ఒక రకం, ఐరోపా వారికి మరొక రకం నమూనాలు అద్దేవారు. ఐర్లండులో 1845-49 నాటి ఘోరమైన కరువు కాలంలో కాన్వెంటు సన్యాసినులు పేద స్త్రీలకు క్రోషె లేసు నేర్పారు. అక్కడ కూడా చిన్న పువ్వులు ఒకరు అల్లడం, వాటిని వలతో మరొకరు కలపడం ఉండేది. ఆకలితో ఉన్న కుటుంబాలు అల్లిన ఆ లేసు లండన్, పారిస్ నగరాలలో ధనికుల అలంకారమైనది. అయితే అది "ఐరిష్ లేసు" అనే పేరుతోనే అమ్ముడుపోయి, సంగ్రహాలయాలకు చేరింది.

తీరిక పని అనే మాట

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931-2023) 1970ల చివరలో నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే గ్రంథాన్ని ప్రచురించింది. లక్షకు పైగా స్త్రీలు లేసు అల్లుతున్నా జనాభా లెక్కలలో వారు పనివారుగా దాదాపు కనిపించలేదని ఈ గ్రంథం చూపింది. ఇంటిపని, వంట, పిల్లల సంరక్షణ చూసుకుంటూ రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినా వారి సంపాదన సగటున రోజుకు ఒక రూపాయి కూడా దాటలేదు. ఆ కాలంలో వ్యవసాయ కూలీ స్త్రీలకు నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడో వంతు కూడా కాదు.

ఇంత తక్కువ కూలి ఎలా సాధ్యమైనది? మీస్ వివరణ ప్రకారం, ఈ స్త్రీలను అందరూ "గృహిణులు" గానూ, వారి పనిని "తీరిక వేళ కాలక్షేపం" గానూ చెప్పుకోవడమే కారణం. వర్తకులు అలాగే చెప్పారు, భర్తలు అలాగే తలచారు, స్త్రీలు కూడా తమను పనివారుగా చెప్పుకోలేదు. పొలానికి పోయి కూలి చేయకుండా గోషా పాటిస్తూ ఇంట్లో కూర్చుని లేసు అల్లడం కొన్ని కులాలలో గౌరవ చిహ్నం. పొలం పనికి ఎక్కువ కూలి వచ్చినా పరువు కోసం తక్కువ కూలి పనినే ఎంచుకున్నారు. ఈ ప్రక్రియకు మీస్ "గృహిణీకరణ" అనే అర్థం వచ్చే పదాన్ని వాడింది. స్త్రీల శ్రమ గురించిన అధ్యయనాలలో ఈ భావన తరువాత విస్తృతంగా చర్చకు వచ్చింది.

ఆ గ్రంథంలోని కొన్ని వాదనలతో విభేదించవచ్చును గాని, మూల విషయం కాదనలేనిది. అల్లే స్త్రీ పేద కార్మికురాలు అని చెబితే కొనేవారు కూలి గురించి అడుగుతారు. ఆమె తీరికగా కూర్చున్న ఇల్లాలు అని చెబితే లేసు అందం గురించి మాత్రమే మాట్లాడతారు. పొట్లం పైని మాట లోపలి వస్తువుకు ధర కట్టింది.

పేరు, గుర్తింపు

2000ల దశకంలో నరసాపురం సమీపంలోని సీతారామపురంలో లేసు పార్కు ఏర్పాటైంది. స్త్రీలకు శిక్షణ ఇవ్వడం, సహకార సంఘాల ద్వారా నేరుగా అమ్మకం సాగించడం, కొత్త నమూనాలు తయారుచేయడం దీని ఉద్దేశాలు. బల్లగుడ్డలకు గిరాకీ తగ్గి, దుస్తులు, సంచులు, పిల్లల వస్తువుల వైపు తయారీ మళ్ళింది. చైనా నుండి వచ్చే చవక లేసు, యంత్రంపై తయారయ్యే అనుకరణలు ఈ పరిశ్రమకు ప్రధాన పోటీ. నిజమైన క్రోషె అల్లికను యంత్రం పూర్తిగా అనుకరించలేదు. యంత్రపు లేసు వేరే పద్ధతిలో అల్లిన బట్ట. అయితే దుకాణంలో రెండూ ఒకే బల్లపై, ఒకే రకం ప్లాస్టిక్ సంచిలో ఉంటే సామాన్య కొనుగోలుదారుకు తేడా తెలియదు, ధర మాత్రమే తెలుస్తుంది. ముక్కను తిప్పి వెనుకవైపు చూచి, ఒక్కొక్క ఉచ్చును వేలితో పట్టి చూస్తే చేతిపని బయటపడుతుంది.

భారతదేశంలో 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003లో అమలులోకి వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారి, కొండపల్లి బొమ్మలు, ఉప్పాడ జాందానీ చీరలు ముందే ఈ గుర్తింపు పొందగా, నరసాపురం లేసుకు 2024లో లభించింది. దీనివలన ఇతర ప్రాంతాలవారు లేసు అల్లకూడదని కాదు, "నరసాపురం" అనే పేరు పెట్టి అమ్మకూడదని మాత్రమే అర్థం. మడపోలం బట్టకు అటువంటి రక్షణ ఉండే అవకాశమే ఆ కాలంలో లేదు. ఐరోపాలో క్రొయేషియా లేసు 2009లో, ఫ్రాన్సులోని అలాన్‌సోన్ లేసు 2010లో, స్లొవేనియా లేసు 2018లో యునెస్కో వారి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరాయి.

భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. అల్లిన చేతి పేరును, ఆ చేతికి ముట్టే కూలిని అది నిర్ణయించదు. కొత్తతరం అమ్మాయిలు చదువుకొని ఇతర ఉద్యోగాలకు పోతున్నారు. గంటల తరబడి చూపు నిలిపి చేసే పనికి తగిన ప్రతిఫలం లేనప్పుడు వారిని తప్పుపట్టలేము. పువ్వులు అల్లేవారు దొరికినా, వాటిని కొలత తప్పకుండా అతికి పెద్ద గుడ్డగా కూర్చగల అతుకుపనివారు దొరకడం అంతకంటె కష్టం. ఆ నేర్పు ఏ పుస్తకంలోనూ రాసి లేదు, వయసు మళ్ళిన స్త్రీల వేళ్ళలోనే ఉన్నది.