చివరి స్టడ్డే ఎందుకు విరుగుతుంది?

ఎగ్జాస్ట్ స్టడ్ విరిగిందనగానే నింద మెకానిక్ మీద పడుతుంది. "నట్టు మరీ బిగించేశాడు" అంటారు. కాదంటే తుప్పు అంటారు. రెండూ తొందరపాటు తీర్పులే. అమెరికాలో 1997 మోడల్ నుంచి ఎఫ్-150 ట్రక్కుల్లో వచ్చిన ఫోర్డ్ 5.4 లీటర్ల వి8 ఇంజిన్ ఈ జబ్బుకు పేరుమోసింది. అల్యూమినియం హెడ్, పోత ఇనుప మానిఫోల్డ్, రెంటినీ కలిపి పట్టే ఉక్కు స్టడ్లు. దాన్నే ముందు పెట్టుకుని చూద్దాం.

మొదటి ఆధారం చెవికి అందుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని చప్పుడు, బండి వేడెక్కాక మాయం. వాల్వుల చప్పుడనుకుని ఆయిల్ మార్పించేవాళ్లున్నారు. నిజానికి చల్లగా ఉన్నప్పుడు తెరుచుకున్న సందు, ఇనుము వేడికి ఉబ్బగానే మూసుకుంటోంది. టార్చి వేసి చూడండి, గ్యాస్కెట్ అంచున మసి చార కనబడుతుంది.

ఇక విరిగినవి ఏవి? ఎక్కువగా వరస చివర్లలోవి. తుప్పే కారణమైతే అది అన్నిటికీ పట్టిందే కదా!

అసలు సాక్ష్యం విరిగిన ముఖం మీద ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఒక అంచు నుంచి మొదలైన నున్నటి నల్లటి భాగం, అందులో వరసగా సన్నని వంపు గీతలు. మిగిలిన కాస్త మాత్రం గరుకుగా, కొత్తగా మెరుస్తుంటుంది. అతిగా బిగిస్తే స్టడ్ సాగి, మెడ సన్నబడి, మెలితిరిగి తెగుతుంది. ఇక్కడ ఆ గుర్తులు లేవు. అటూ ఇటూ వంచిన తీగలా, పగులు కొద్దికొద్దిగా పాకి, చివరికి ఒక్కసారిగా తెగింది.

వంచిందెవరు? లెక్క వేద్దాం. 450 మిల్లీమీటర్ల ఇనుప మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కూలెంట్ తిరిగే హెడ్ 80 డిగ్రీలే వేడెక్కి 0.8 పెరుగుతుంది. మధ్యలో పట్టు ఉందనుకుంటే ఒక్కో చివర దాదాపు 0.8 మిల్లీమీటర్ల లాగుడు. బండి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఇదే. పైగా కదలనివ్వని ఇనుము వేడిలో నలిగి, చల్లారాక మునుపటికన్నా పొట్టిదవుతుంది. విప్పిన పాత మానిఫోల్డ్ మళ్లీ రంధ్రాలకు సరిగ్గా కూర్చోకపోవడానికి కారణం ఇదే. తుప్పు స్టడ్‌ను బయటికి రానివ్వదు, నిజమే. కానీ విరిచింది మానిఫోల్డ్.

అందుకే ముక్క తీయడంతో పని అయిపోదు. ముక్క కాస్త బయటికుంటే దాని మీద నట్టు పెట్టి వెల్డ్ చేయడం మేలు. వెల్డింగ్ వేడికి మరల పట్టు సడలుతుంది, ఉక్కు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు. కాస్త చల్లారాక ముందుకీ వెనక్కీ ఆడిస్తూ విప్పాలి. లోపలే తెగితే సరిగ్గా నడిమిన పంచ్ కొట్టి, విప్పే వైపుకే తిరుగుతూ కోసే ఎడమచేతి డ్రిల్ బిట్ వాడాలి. విరిగిన ముక్కను లోపలి నుంచి పట్టి విప్పే ఈజీ-అవుట్‌ను బలవంతంగా తిప్పొద్దు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని కొరకలేదు.

ఆ తర్వాత మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు పట్టీ ఆనించి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. వంకర ఉంటే చదును చేయించండి, లేదా మార్చండి. ఆ పని చేయకుండా కొత్త స్టడ్ బిగిస్తే అదీ అక్కడే విరుగుతుంది.