తుపాకి చేసే బల్ల ఎవరిది? పాతబస్తీ నుంచి జోడేఘాట్ దాకా



పోస్టు జర పెద్దగైంది. సగంలో ఆపకుండా చివరి దాకా చదవాలని మనవి. చివర్ల ఉన్న మాట కోసమే ఇదంతా రాసినం.

పోయిన నెల ఒక ఆదివారం మా హాస్టల్ నుంచి నలుగురం పాతబస్తీకి పోయినం. చార్మినార్ చూసి, నడుచుకుంట మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంకు వచ్చినం. అక్కడ ఆయుధాల గది ఉన్నది. కత్తులు, బాకులు, డాళ్ళు, వత్తి అంటించి కాల్చే పొడుగు గొట్టాల పాత తుపాకులు. వాటిని పట్టుకున్న రాజుల పేర్లు కనబడ్డయి గానీ, చేసినోళ్ళ పేరు మాకు ఎక్కడా కనబడలేదు. మాలో చిన్నోడు అడిగిండు: "అన్నా, గివి చేసిన కమ్మరి బల్ల ఏడుండె? ఇంట్లనేనా? ఇప్పుడు ఎవరన్న ఇంట్ల బల్ల పెట్టుకొని తుపాకి చేసుకుంటే ఏమైతది?"

వాడు ఊరికే అడగలేదు. వాళ్ళ మామ మీద నాటు తుపాకి కేసు ఉన్నది. ఆ సంగతి తర్వాత చెప్తం. ముందు వాని మొదటి ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

కొలిమి కాడ మొదలు

నాగలి కర్రు కొట్టే కొలిమి, బల్లెం మొన కొట్టే కొలిమి వేరు వేరు కాదు. తిత్తి, దాగలి, సుత్తె, సమ్మెట, పట్టుకారు, ఆకురాయి, మన ఊరి కమ్మరి కాడ ఉన్నవే. మన గోండుల్లో పెర్సాపేన్ గుర్తుల్లో ఇనుప బల్లెం మొన ఉంటది. ఇనుము మనకు పనిముట్టు మాత్రమే కాదు, దేవుని ముందర పెట్టేది కూడా.

నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉన్నది. నిర్మల్ చుట్టుపక్కల గుట్టల ఇనుముతో అక్కడ ఉక్కు చేసేవాళ్ళు. మట్టి మూసలో ఇనుము పెట్టి, బొగ్గు మంట మీద కరిగించి, ముద్దలుగా తీసేవాళ్ళు. ఆ ఉక్కు ముద్దల కోసం ఇరాన్ దేశం ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు ఇక్కడి దాకా వచ్చేవాళ్ళు. ప్రపంచంలో పేరు పడ్డ డమాస్కస్ కత్తుల వెనక ఇట్లాంటి ఉక్కు ఉన్నది. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లిష్ ఆయన ఆ పని కండ్లతో చూసి రాసిండు, అది 1832లో అచ్చయింది. అడవి లేకుంటే బొగ్గు లేదు, బొగ్గు లేకుంటే ఉక్కు లేదు. హైదరాబాద్ ఆయుధాల చరిత్ర కోటలో కాదు, అడవి అంచున మొదలైతది. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో మాకైతే కనబడలేదు.

అంటే పని తెలిసిన చేతులు మన దిక్కు లేక కాదు. మరి ఆ బల్ల మీద హక్కు ఎవరి చేతిలోకి పోయింది?

తోప్ కా సాంచా

గోల్కొండకు పోతే బాలాహిసార్ దర్వాజా లోపల సిలాఖానా ఉన్నది, అంటే ఆయుధాల కొట్టం. పెట్లా బురుజు మీద ఫతే రహబర్ అనే ఫిరంగి ఇప్పటికీ ఉన్నది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేసి ఆ కోటను పట్టుకున్నడు. ఫిరంగి చేసేది, దాచేది, కాల్చేది అన్నీ కోట పని. ఊరి కమ్మరి ఉక్కు ఇస్తడు, దాని పేరు మాత్రం కోటది.

తర్వాత ఆసఫ్‌జాహీలు వచ్చిండ్రు. రెండో నిజాం అలీఖాన్ కాలంలో రేమాండ్ అనే ఫ్రెంచ్ దొర ఆయన ఫౌజులో పెద్ద అధికారి అయిండు. 1786లో పాతబస్తీకి మూసీ అవతల, ఇప్పటి ఫతే మైదాన్ దగ్గర ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించిండు. జనం దాన్ని 'తోప్ కా సాంచా' అన్నరు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఇయ్యాల మనం బస్సులో 'గన్‌ఫౌండ్రీ' అని టికెట్ అడిగే చోటు అదే. పాత గోడలు కొన్ని మిగిలినయి. పక్క నుంచి రోజూ కాలేజీకి పోయే మాకే ఇన్ని రోజులు ఆ పేరు అర్థం తెలవలేదు.

1798 మార్చిలో రేమాండ్ చనిపోయిండు. మలక్‌పేట దిక్కు గుట్ట మీద ఆయన సమాధి ఉన్నది. అదే ఏడు సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లిష్ కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నడు. అక్టోబర్‌లో కంపెనీ పల్టన్లు ఫ్రెంచ్ ఫౌజును చుట్టుముట్టి, పది వేలకు పైగా సిపాయిల చేతుల్లోంచి ఆయుధాలు దింపించినయి. పెద్ద యుద్ధం కాలేదు. జీతాలు బాకీ పడి సిపాయిలే తమ దొరల మీద తిరగబడి ఉండె.

ఇక్కడ ఒక తేదీ పక్కన పెట్టుకొని చూడండి. మూడేండ్లు కాకముందే, 1801లో, కంపెనీ కలకత్తా దగ్గర కాశీపూర్‌లో తన సొంత ఫిరంగి బండ్ల కార్ఖానా పెట్టుకున్నది. ఇక్కడ ఒకరి చేతిలోంచి తీసేసిన పనిని అక్కడ తన చేతిలో పెట్టుకున్నది. సాక్షాత్తు నిజాంకే ఆయుధం విషయంలో సొంత నిర్ణయం లేకుంటైంది. ఇంక ఊరి కమ్మరి సంగతి ఏం చెప్తం?

ఇంకొక ముచ్చట. తుపాకులన్నీ రైఫిల్ కావు. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటేనే రైఫిల్. అది సైన్యాల కోసం పెద్ద ఎత్తున తయారైంది 19వ శతాబ్దంల యంత్రాల ఫ్యాక్టరీలల్ల. మన దేశంలో దాని కోసం ఇషాపూర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది 1904లో. కొలిమి కాడ తయారైన నున్న గొట్టం నాటు తుపాకి, సర్కారు రైఫిల్ ముందర నిలబడేది కాదు. మన తాతల పోరాటాలన్నీ ఈ తేడా మీదనే నడిచినయి.

చేయలేరు, గుంజుకోవాలె

1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రోహిల్లాలతో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద పడ్డరు. ఫిరంగుల ముందు నిలవలేకపోయిండ్రు. తుర్రెబాజ్ ఖాన్‌ను చంపిండ్రు, మౌల్వీని అండమాన్‌కు పంపిండ్రు. ఆ మంట మన దిక్కు కూడా అంటింది. నిర్మల్ కాడ రాంజీ గోండు రోహిల్లాలతో కలిసి కొట్లాడిండు. ఆయనను, ఆయన మనుషులను ఉరి తీసిన చెట్టును వెయ్యి ఉరుల మర్రి అని మన పెద్దలు ఇప్పటికీ చెప్తరు.

1878లో బ్రిటిష్ సర్కారు ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవద్దు, చేయొద్దు, అమ్మొద్దు. 1857 మళ్ళీ రావద్దని భయం. చేయడం బంద్ అయినంక, ఎదురు తిరిగినోళ్ళకు గుంజుకునుడే మిగిలింది.

మన్యంలో అదే జరిగింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడ్డది. ఆ దళంలో గాం గంటందొర, మల్లుదొర లాంటి మన్యం బిడ్డలు ఉండిరి. మూడు స్టేషన్లలో కలిపి దొరికినయి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు. తీసుకపోయిన సామాను స్టేషన్ పుస్తకంల రాసి రాజు సంతకం పెట్టిండు. అంతకు ముందు వాళ్ళ చేతిల ఉన్నయి విల్లంబులు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లిష్ అధికారులు చనిపోయిండ్రు. కానీ తూటా అయిపోతే మళ్ళీ చేసుకునే బల్ల అడవిలో లేదు. 1924 మే 7న రాజును కొయ్యూరు కాడ కాల్చి చంపిండ్రు.

జోడేఘాట్ మనకు తెలవనిది కాదు. కుమ్రం భీం అడిగింది పన్నెండు ఊర్ల భూమి మీద హక్కు. జల్, జంగల్, జమీన్. ఆయన వెంట ఉన్నోళ్ళ చేతిల గొడ్డళ్ళు, బల్లేలు, కొన్ని నాటు తుపాకులు అని మన పెద్దలు చెప్తరు. ఎదుట నిజాం పోలీసుల రైఫిళ్ళు. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఆయన నేలకొరిగిండు. ఏటా అదే పున్నమికి మనం జోడేఘాట్ పోతున్నం.

ఇక్కడ ఆగి ఒక మాట అనుకోవాలె. భీం తుపాకి చేసి గెలవలేదు. కానీ ఆయన చావు తర్వాత నిజాం సర్కారుకు ఒక ప్రశ్న మిగిలింది: ఈ గోండులు ఎందుకు తిరగబడ్డరు? దాన్ని తెలుసుకోవడానికి హైమెండార్ఫ్‌ను పిలిచిండ్రు. ఆయన మన ఊర్లల్ల ఉండి, భూమి పోవడమే కారణమని రాసిండు. 1943లో మార్లవాయిలో బడి, పంతుళ్ళ శిక్షణ మొదలైంది. గోండి మాటలతో పుస్తకాలు వచ్చినయి. తర్వాత ఏండ్లల్ల లక్ష ఎకరాలకు పైగా పట్టాలు ఆదివాసులకు ఇచ్చిండ్రు. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. ఆ మెట్లకు మొదటి రాయి జోడేఘాట్‌లో పడ్డది.

మా తమ్ముని మామ

ఇప్పుడు మ్యూజియంల అడిగిన రెండో ప్రశ్న. ఆ మామకు గుట్ట కింద మూడెకరాల జొన్న చేను. రాత్రి పూట అడివి పందులు వచ్చి తెల్లారే వరకు సగం చేను దున్నేస్తయి. మంచె మీద పండి డబ్బా కొట్టినా పోవు. పక్క ఊరి నుంచి ఒక నాటు తుపాకి తెచ్చుకున్నడు. దాన్ని మనిషి మీదకు ఎన్నడూ ఎత్తలేదు. ఒక రోజు దొరికిండు. అటెన్క వాయిదాలు. వాయిదాకు ఒక కూలి పోతది, బస్సు కిరాయి పోతది, వకీలు ఫీజు పోతది. ముందు ఎడ్లు అమ్మిండ్రు, తర్వాత చేను కౌలుకిచ్చిండ్రు. బిడ్డ పది పాసై ఇంటర్‌లో చేరి మధ్యల మానేసింది. పందులు తినంగ మిగిలిన చేనును కేసు తిన్నది.

ఆ తుపాకి చేసినోడు కూడా ఎవరో ఒక ఊరి కమ్మరే కావచ్చు. ఆయనకు ఇంకా పెద్ద కష్టం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేయొద్దు, బాగు కూడా చేయొద్దు. 2019ల చట్టం మార్చినంక, అట్ల తయారు చేస్తే ఏడేండ్లకు తగ్గకుండా జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకునుడు వేరే నేరం. జంతువును కాలిస్తే 1972 వన్యప్రాణి చట్టం మరొకటి. కాబట్టి తమ్ముళ్ళారా, ఫోన్ల వీడియో చూసి "ఇంట్ల బల్ల పెట్టి చేద్దాం" అనే ముచ్చట నవ్వులాటకు కూడా వద్దు. వీడియో చేసినోని దేశం వేరు, చట్టం వేరు. మన దిక్కు, ఆదివాసి పోరని ఇంట్ల ఒక ఇనుప గొట్టం దొరికితే ఏ పేరు పెడతరో మీకు తెలుసు.

ఇంకో సంగతి మస్తు మందికి తెలవదు. అదే చట్టం 13వ సెక్షన్‌లో, నిజంగా పంట కాపాడుకోవడానికి మందు కూరి కాల్చే తుపాకికి లైసెన్సు అడిగే దారి రాసి ఉన్నది. ఆ మామకు ఈ మాట చెప్పినోడు ఒక్కడు లేడు. చట్టం మనల్ని శిక్షించే పేజీ మన ఊరికి వచ్చింది, మనకు దారి చూపే పేజీ రాలేదు. ఆ పేజీ మోసుకపోవలసింది చదువుకుంటున్న మనమే.

కంచన్‌బాగ్ బల్ల

మ్యూజియం నుంచి తిరిగి వస్తుంటే ఒక అన్న చెప్పిండు. పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటితే కంచన్‌బాగ్. 1970ల పుట్టిన భారత్ డైనమిక్స్ అక్కడ క్షిపణులు చేస్తది. 1973ల పుట్టిన మిధాని అక్కడనే ప్రత్యేకమైన ఉక్కులు, లోహాలు చేస్తది. సంగారెడ్డి దిక్కు ఎద్దుమైలారంలో 1984 నుంచి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సైన్యానికి బండ్లు చేస్తున్నది. 2024ల ఐకామ్ కంపెనీ, యూఏఈకి చెందిన కారకల్‌తో కలిసి హైదరాబాద్‌లోనే రైఫిళ్ళ ఫ్యాక్టరీ తెరిచింది.

అంటే బల్ల ఎక్కడికీ పోలేదు. ఈ ఊర్లనే ఉన్నది. కోనసముద్రం మూసలో మొదలైన ఉక్కు పని మిధాని కొలిమిలో నడుస్తున్నది. ఆ బల్ల కాడ నిలబడేది ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్. అంటే ఐటీఐ, డిప్లొమా చదివిన పోరలు, పోరిలు. కేంద్ర ప్రభుత్వ సంస్థల నియామకాల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉన్నది. అప్రెంటిస్ నోటిఫికేషన్లు వస్తుంటయి. మన ఆశ్రమ పాఠశాలల్లో పది పాసైనోళ్ళకు ఇది ఎవరూ చెప్పరు. బీఈడీ, పోలీస్ కానిస్టేబుల్, ఈ రెండే ఉన్నయనుకొని పెరిగినం మేము.

ఆయుధాలు చేసే కొలువే గొప్పదని మేం అనడం లేదు. మాలో ఇద్దరికి అది ఇష్టం లేదు కూడా, తాతను కాల్చింది అట్లాంటిదే కదా అన్నరు. వాళ్ళ మాటకు కూడా విలువ ఉన్నది. ఆకురాయి, మైక్రోమీటర్, లేత్ మిషను చేతికి వస్తే బోరు మోటరు చేయొచ్చు, దవాఖాన సామాను చేయొచ్చు, ట్రాక్టర్ నాగలి చేయొచ్చు. కావలసింది దొంగతనంగ దాచుకునే బల్ల కాదు. సంతకం, జీతం, పేరు ఉన్న బల్ల.

అందుకే రెండు పనులు అడుగుతున్నం. ఒకటి, మీ ఊర్ల నాటు తుపాకి కేసులల్ల వాయిదాలు తిరుగుతున్న కుటుంబాలు ఉంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల ఉచిత వకీలు దొరుకుతడని చెప్పండి. ఎస్టీలకు ఆ హక్కు చట్టంలనే ఉన్నది. రెండు, ఈ ఎండాకాలం ఇంటికి పోయినప్పుడు ఊరి కమ్మరి తాత ముందర కూసొని ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఆయన పనిముట్ల పేర్లు రాసుకొని రండి. మ్యూజియంల ఆ పేర్లు కనబడలేదు. కనీసం మన కాడన్న ఉండాలె.

జై జంగో, జై లింగో!