గార గొంతు: కొల్లేటి సీమలో వేణ్ణీళ్ళ చప్పుళ్ళ చరిత్ర

ధనుర్మాసం వచ్చిందంటే ఏలూరులో గీజర్లు బాగుచేసే మనిషికి తీరిక ఉండదు. ఎక్కువ ఇళ్ళలో వినిపించే ఫిర్యాదు ఒకటే: "చప్పుడు చేస్తోందండీ, పేలుతుందేమోనని భయంగా ఉంది." అనుభవం ఉన్నవాడైతే వెంటనే స్క్రూడ్రైవరు తియ్యడు. స్విచ్చి వేయించి కాసేపు వింటాడు. సన్నగా పాడుతోందా, పేలాలు వేగినట్టు చిటపటలాడుతోందా, గొట్టాన్ని సుత్తితో కొట్టినట్టు దబదబమంటోందా? సగం రోగం అక్కడే తేలిపోతుంది. మిగతా సగం కరెంటు ఆపి ఎలిమెంటు ఊడదీశాక బకెట్లో రాలిన తెల్లటి పెచ్చులు చెబుతాయి. పళ్ళకు పట్టినా, నీళ్ళ గిన్నెకు పట్టినా మన భాషలో దాని పేరు ఒకటే, గార. వందేళ్ళుగా మన ఇళ్ళలో నీళ్ళు కాచే సరంజామా ఎన్ని రూపాలు మార్చిందో చూస్తే, ఆ గార గొంతు ఎలా పెరుగుతూ వచ్చిందో తెలుస్తుంది.

రాగి బాయిలర్ రోజులు

ఒకప్పుడు నీళ్ళు కాగేది కాగులోనే. పేరులోనే పని ఉంది. పెరట్లో పొయ్యి మీద కాగు, పక్కన చన్నీళ్ళు కలుపుకోడానికి గంగాళం. తర్వాత వచ్చింది రాగి బాయిలర్. నిలువుటి రాగి పీపా, దాని నడుమ పైనుంచి కిందిదాకా ఒక గొట్టం. గొట్టం అడుగున జల్లెడ మీద నిప్పు, చుట్టూ నీళ్ళు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి డొక్కలకూ చిప్పలకూ కొదవేముంది? గుప్పెడు డొక్కలు, నాలుగు బొగ్గులు వేస్తే ఇంటిల్లిపాదికీ తలంట్లు అయిపోయేవి. మంట నీళ్ళ మధ్యలోంచి పోయేలా చేసిన ఈ ఏర్పాటులో వేడి అన్ని పక్కలా నీళ్ళకే అందుతుంది. సామర్థ్యం అన్న మాట వాడకుండానే మన కంచరులు చేసిన సామర్థ్యపు యంత్రం అది.

అదీ చప్పుడు చేసేది. నీళ్ళు గోరువెచ్చన దాటగానే సన్నగా పాట అందుకునేది. గొట్టాన్ని అంటుకున్న నీళ్ళు ముందుగా ఆవిరి బుడగలవుతాయి. పైకి లేచి ఇంకా చల్లగా ఉన్న నీళ్ళలోకి రాగానే అవి చటుక్కున చితికిపోతాయి. లక్షల బుడగలు అలా చితికిన చప్పుడే ఆ పాట. నీళ్ళన్నీ మరుగుకొచ్చాక బుడగలు చితక్కుండానే పైకి చేరతాయి కాబట్టి పాట ఆగి కళపెళ మొదలవుతుంది. ఎసరు పెట్టే ప్రతి ఇల్లాలికీ ఈ తేడా చెవితోనే తెలుసు.

నిండు కుండ తొణకదన్నట్టే నిండు బాయిలరూ అరవదు. నీళ్ళు సగానికి దిగితే గొట్టం పైభాగం వట్టి రాగిగా కాలి టపటపమనేది. అప్పటికీ పట్టించుకోకపోతే మాట్లు ఊడి నిప్పులోకి నీళ్ళు కారేవి. అయితే ప్రాణభయం లేదు. మూత బిగించి ఉండేది కాదు గనుక ఒత్తిడి పేరుకోదు. ఏ చప్పుడు విన్నా మూత తీసి లోపలికి చూడొచ్చు, చింతపండు పిసికిన నీళ్ళు పోసి గార వదిలించొచ్చు. రోగమూ మందూ రెండూ పెరట్లోనే ఉండేవి.

రెండు కాలువలు, ఒక ఉప్పుటేరు

ఈ సీమలో చప్పుళ్ళకు మూలం నీళ్ళలోనే ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీది ఆనకట్ట 1855 నాటికి లేచింది. ఆ రెండు నదుల కాలువలు కలిసేది ఏలూరులోనే. కాలువ నీళ్ళు మెత్తన. సబ్బు నురుగు కడుతుంది, పప్పు ఉడుకుతుంది. ఊరు దాటి ఉత్తరంగా చింతలపూడి మెట్టకు పోతే బోరు నీళ్ళు. దక్షిణంగా కొల్లేటి పల్లెలకు దిగితే ఉప్పు తగిలే నీళ్ళు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన మంచినీళ్ళను కొల్లేరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. ఎండాకాలం సరస్సు దిగిపోయినప్పుడు అదే దారిన ఉప్పునీళ్ళు వెనక్కి ఎగదన్నుతాయి.

నీళ్ళు నేల పొరల్లోంచి వచ్చేటప్పుడు సున్నాన్ని బైకార్బనేట్ రూపంలో కరిగించుకుంటాయి. వేడి తగలగానే అది విడిపోయి, కరగని సున్నపుపొరగా వేడి ఎక్కడ ఎక్కువుంటే అక్కడే పట్టేస్తుంది. ఉప్పూ పంచదారా వేడికి ఎక్కువ కరుగుతాయి, ఈ సున్నం మాత్రం వేడికి బయటపడుతుంది. గారకు కారణమంతా ఈ వింతలోనే ఉంది. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుంటే మేలనీ, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. అది కడుపుకు సంబంధించిన లెక్క. గీజర్ ఎలిమెంటుకు అంత ఓర్పు లేదు.

ఊక బాయిలర్ పక్కన

ఇంటి బాయిలర్ పాడుతుంటే మిల్లు బాయిలర్ గర్జించేది. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వరి మిల్లుల్లో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ ఆవిరికి వంటచెరకు వడ్ల ఊకే. ఇక్కడ మూత బిగించి ఉంటుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది కాబట్టి తప్పు జరిగితే చప్పుడుతో పోదు.

ఆ సంగతి మన దేశానికి తెలిసింది కలకత్తాలో. 1863లో అక్కడ ఒక బాయిలర్ పేలి ప్రాణనష్టం జరిగాక, మరుసటేడు బెంగాల్లో బాయిలర్ల తనిఖీకి శాసనం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1923లో చేశారు. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్ల లోపు పాత్రలూ, నీళ్ళను నూరు డిగ్రీల లోపే కాచేవీ ఈ చట్టాల పరిధిలోకి రావు. అంటే మన స్నానాల గది బాయిలర్‌కు ఇన్‌స్పెక్టర్ రాడు. ఇంట్లోవాళ్ళ చెవులే ఇన్‌స్పెక్టర్లు.

చప్పుళ్ళను చదవడం మిల్లుల్లో ఒక ఉద్యోగం. అడుగున చేరిన మడ్డిని బ్లోడౌన్ వాల్వు తిప్పి బయటికి వదిలితే బుస్సుమని ఊరంతా వినిపిస్తుంది. అది ఆరోగ్యకరమైన చప్పుడు. ఆవిరి గొట్టంలో నీళ్ళు నిలిచి, వెనకొచ్చే ఆవిరి ఆ నీటిముద్దను ఎత్తి మలుపులో విసిరికొడితే దబ్బుమంటుంది. అది ప్రమాదపు చప్పుడు. గార కట్టకుండా నీళ్ళను ముందే మెత్తబరిచే యంత్రం పెడతారు. అందులోని రెసిన్ సున్నాన్ని పట్టి ఉంచుకుంటుంది. ఆ రెసిన్‌ను మళ్ళీ శుభ్రం చేసేది మామూలు ఉప్పు ద్రావణమే.

గోడకెక్కిన పెట్టె

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చాక కోస్తా పట్టణాల్లో కరెంటు వాడకం పుంజుకుంది. మెల్లగా బకెట్లోకి హీటర్ రాడ్డు, ఆ తర్వాత గోడ మీదికి గీజర్ చేరాయి. గీజర్ అన్న పేరు ఐస్‌లాండ్‌లోని గెయ్‌సిర్ అనే వేడినీటి బుగ్గది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ తన గ్యాసు నీళ్ళ పొయ్యికి ఆ పేరు పెట్టాడు.

గీజర్‌తో మంటా కనుమరుగైంది, నీళ్ళూ కనుమరుగయ్యాయి. రాగి బాయిలర్‌లో వేడి మూరెడు గొట్టం చుట్టూ పరుచుకునేది. ఇక్కడ రెండు వేల వాట్ల వేడి వేలెడు లావు ఎలిమెంటులోంచే రావాలి. దాని మీద గార పట్టిందా, ఆ పొర కింద చిక్కిన నీళ్ళు ఆవిరై పొరను పగలగొట్టుకుని వస్తాయి. పేలాల చప్పుడు అదే. గీజర్ పేలబోతోందని కాదు, ఎలిమెంటు ఊపిరాడక కొట్టుకుంటోందని దాని అర్థం. థర్మోస్టాటును 60 డిగ్రీల లోపు ఉంచితే గార నెమ్మదిగా పడుతుంది. ఏడాదికోసారి కడిగించి, పెట్టెకు తుప్పు పట్టకుండా కాచే మెగ్నీషియం కడ్డీ అరిగితే మార్పిస్తే పెట్టె నోరు మెదపదు. కొళాయి కట్టగానే గొట్టం దడాలుమంటే మాత్రం తప్పు గీజర్‌ది కాదు. పరుగున వచ్చే నీళ్ళకు ఒక్కసారిగా అడ్డుపడితే ఒత్తిడి అల వెనక్కి తన్నుతుంది. మాస్కో నీటి గొట్టాల మీద 1897-98లో రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ ప్రయోగాలు చేసి లెక్కగట్టింది దీన్నే. మేడ మీద ప్రెషర్ పంపు పెట్టిన ఇళ్ళలో ఇది ఎక్కువ.

గ్యాస్ గీజర్ డబ్బుమని వెలిగితే అది వేరే కథ. నిప్పు రవ్వ ఆలస్యమై, పోగైన గ్యాసు ఒక్కసారిగా అంటుకుందన్న మాట. వెంటనే ఆపి మెకానిక్‌ను పిలవాలి. కిటికీ లేని స్నానాల గదిలో అసలు పెట్టకూడదు. అక్కడ ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడుకు చప్పుడే ఉండదు.

సన్నబడ్డ దారి

ఇక్కడి పిల్లలు ఇప్పుడు చలిదేశాల్లో ఉన్నారు. అక్కడ బాయిలర్ స్నానానికే కాదు, ఇల్లంతా వెచ్చబరచడానికి. ఇంగ్లండులో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. తిరిగొచ్చే నీళ్ళు 55 డిగ్రీల లోపు ఉంటే, పొగలోని ఆవిరి కూడా నీరై తన వేడిని వదిలేస్తుంది. పొగగొట్టంలోంచి పోయే వేడినీ పిండుకోవాలంటే నీటి దారులు సన్నగా ఉండాలి. దారి సన్నబడేకొద్దీ గోరంత గారకే గొంతు పెరుగుతుంది. రాగి బాయిలర్‌లో ఏళ్ళ తరబడి పట్టినా వినిపించనిది, ఇక్కడ కెటిల్ మరిగినట్టు రొద పెడుతుంది.

చప్పుడు ఎప్పుడు వస్తుందన్నదే అక్కడా మొదటి ప్రశ్న. మంట వెలిగినప్పుడే గుడగుడమంటే గార, లేదా రేడియేటర్లలోంచి వచ్చిన మడ్డి. పంపు తిరుగుతున్నంతసేపూ గళగళమంటే గొట్టాల్లో గాలి. ముందు ఒత్తిడి ముల్లు చూడాలి, చల్లగా ఉన్నప్పుడు అది ఒకటికీ ఒకటిన్నర బార్‌కూ మధ్య ఉండాలి. గడ్డకట్టే చలిలో గుటకలు వేస్తూ ఆగిపోతే పొగలోంచి దిగిన నీటిని బయటికి పంపే గొట్టం మంచుతో మూసుకుపోయినట్టు. దాని మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తే సరి. మంట దగ్గర డబ్బుమంటే మాత్రం లైసెన్సు ఉన్న ఇంజనీరు తప్ప ఎవరూ మూత తియ్యకూడదు.

లండన్‌లో ఉన్న ఒక కుర్రాడు పోయిన చలికాలం ఫోను బాయిలర్ దగ్గర పెట్టి ఏలూరులోని తల్లికి ఆ రొద వినిపించాడు. సుద్దనేలల్లోంచి వచ్చే లండన్ నీళ్ళు మన బోరు నీళ్ళకు తీసిపోవు. ఆవిడ క్షణం ఆలోచించలేదు. "గార కట్టిందిరా. చింతపండు నీళ్ళు పోయించు" అంది. వాడు నవ్వాడు. మర్నాడు వచ్చిన ఇంజనీరు లోపలికి ఎక్కించింది ఆ లోహానికి పనికొచ్చే ఒక ఆమ్లం, అంటే సీసాలో పోసి అమ్మే పులుపు. బిల్లు మాత్రం చింతపండు ధరలో లేదు.