గుడ్డ మీద నాన్న ముఖం

2023 జనవరి. సంక్రాంతి వెళ్లిన వారం. విశాఖ డాబాగార్డెన్స్ ప్రాంతంలోని ఓ ఫ్లెక్స్ షాపు. రాత్రి పదకొండు దాటినా షట్టరు సగమే దించి ఉంది. ఆ నెలలో ఊళ్లో ఇలాంటి షాపులు చాలా పడ్డ అవస్థ ఇది. అందుకే ఒక షాపును, ముగ్గురు మనుషులను పేర్లు లేకుండా మీ ముందు నిలబెడుతున్నాను.

అంతకు ముందు ఏడాది ఆగస్టు 26న ఏయూ కన్వెన్షన్ సెంటర్ వేదిక మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ఆ ఉదయమే మన తీరంలో 76 టన్నుల ప్లాస్టిక్ ఏరారు. నవంబరు 1 అన్న గడువు జనవరి 26కి జరిగింది. ఇక గుడ్డ మీదే అచ్చు వెయ్యాలన్నారు. సముద్రానికి అది మేలేనని నేను నమ్ముతాను. కానీ ఆ బరువు ముందుగా పడింది అప్పు చేసి మిషను కొన్నవాళ్ల భుజాల మీద.

‘‘ఏటన్నా ఇది? మా నాన్న ఇలాగుంటాడా?’’

రేపు పెద్దకర్మ. కొడుకు చేతిలో ఫొటో, ఎదురుగా గుడ్డ. దాని మీద ముఖం బూడిద పూసినట్టుంది.

‘‘నాజిల్ చెక్ తియ్యరా తమ్ముడూ’’ అన్నాడు ఓనరు. ఆపరేటరు తీశాడు. సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్... ఏ గీతా తెగలేదు. ఇంకు చిమ్మే హెడ్ బాగానే ఉంది.

తేడా గుడ్డలో ఉంది. ఫ్లెక్సీకి పీవీసీ పూత ఉంటుంది. సాల్వెంట్ ఇంకు ఆ పూతను కొంచెం కరిగించి అక్కడే పట్టుకుంటుంది. పడిన చుక్క పడినట్టే నిలుస్తుంది. నూలుగుడ్డ మాత్రం ఒత్తి నూనె పీల్చినట్టు పోగుల వెంట ఇంకును లాక్కుపోతుంది. చుక్క ఉబ్బుతుంది. మనిషి ఒంటి రంగులో మెజెంటా, ఎల్లో ఎక్కువ, సయాన్ చిటికెడు. ఆ చిటికెడు ఉబ్బితే చాలు, ముఖంలో జీవం పోతుంది. పైగా గుడ్డ తెలుపులో ముందే పసుపు జీర ఉంది. ఏ రంగు ఎంత పడాలో మిషనుకు చెప్పే ప్రొఫైల్ ఫ్లెక్సీ కోసం చేసింది, దానికి ఇవేవీ తెలియవు.

రంగును అంకెల్లో చెప్పే స్పెక్ట్రోఫొటోమీటర్ ఆ షాపులో లేదు. కన్నే కొలత. ఆపరేటరు ఒక్కో రంగుకూ పది నుంచి నూరు శాతం దాకా గడులు కొట్టాడు. డెబ్బై దాటాక రంగు చిక్కబడటం లేదు, అంచులు పాకుతున్నాయి. అక్కడే ఇంకుకు హద్దు పెట్టాడు. సయాన్ మధ్య గడులను ఇంకాస్త దించాడు. నూగు తగలకుండా హెడ్ ఎత్తు పెంచాడు. గుడ్డ సాగి అడ్డగీతలు పడుతుంటే బిగువు సరిచేసి, గుడ్డ ఒక్కోసారి జరిగే స్టెప్ మార్చాడు. మూడుసార్లు. మీటర్ల కొద్దీ గుడ్డ పోయింది. ఓనరు ఒక్క మాట అనలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగేది అక్కడే.

రెండో ముఖం తళతళలాడుతూ వచ్చింది. బర్త్‌డే ఫ్లెక్సీలు వేసిన చెయ్యి కదా, అలవాటు కొద్దీ నాలుగు పాళ్లు తెల్లబరిచాడు.

కొడుకు తల అడ్డంగా ఊపాడు. ‘‘తెల్లగా వద్దన్నా. పాతికేళ్లు గోదావరి కాడ పనిచేశాడు.’’

గోదావరి అంటే నది కాదు, స్టీల్‌ప్లాంటు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు. ఓనరుకు వేరే చెప్పక్కర్లేదు. ఫొటో అడిగి తీసుకుని, దీపం కింద చాలాసేపు చూశాడు. ‘‘నలుపు పెంచకు. మెజెంటా, ఎల్లో కలిపి పెంచు. ఎండకు కాగిన రంగు రావాలి.’’

తెల్లారేసరికి మూడోది వచ్చింది. ట్యూబులైటు కింద రంగును నమ్మకూడదని ఓనరు, ఆపరేటరు దాన్ని రోడ్డు మీదికి తెచ్చి, ఎండ వైపు తిప్పి పట్టుకున్నారు.

కొడుకు దగ్గరికి రాలేదు. రోడ్డు దాటి అవతలి గట్టు నుంచి చూశాడు. తిరిగొచ్చి, ‘‘ఆరిందా?’’ అని అడిగాడు. హీటరు ముందు ఇంకాసేపు ఉంచారు.

ఫ్లెక్సీ అయితే గొట్టంలా చుట్టివ్వాలి. దీన్ని కండువాలా మడిచి, చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.